చీకట్లో చుక్కలు పొడిచిన ప్యానెల్: వెనక నుంచి వెలిగే యాక్రిలిక్ పనిలో ఒక కేసు

మూడు వారాలపాటు షీటు ముందువైపు పెయింటుతో కుస్తీ పట్టి, చివరికి షీటు తిప్పి వెనకవైపు చూశాక గానీ తేలని పని ఇది. ఆ లోపు నాలుగు షీట్లు స్క్రాప్‌లోకి పోయాయి. కస్టమర్ సరే అన్నాకే రాస్తున్నాను. ఆయనెవరో, ప్యానెల్ ఏ మోడల్‌దో తెలిసిపోయే వివరాలు తీసేశాను, కొలతలు కొన్ని కొంచెం మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే.

నేపథ్యం

ఆయన ఇంట్లో విమానం కాక్‌పిట్ సిమ్యులేటర్ కట్టుకుంటున్నారు. కుర్చీ, తెరలు, కంట్రోళ్లు అన్నీ అయిపోయాయి. మిగిలినవి మూడు స్విచ్ ప్యానెళ్లు. ఒక్కోటి సుమారు 300 మి.మీ. పొడవు, 140 మి.మీ. వెడల్పు. వాటిలో స్విచ్‌లకు రంధ్రాలు, పక్కన 3 మి.మీ. ఎత్తు అక్షరాలతో పేర్లు. పగలు నల్లటి పలక మీద తెల్ల అక్షరాల్లా కనిపించాలి. రాత్రి ఆ అక్షరాలే లోపలి నుంచి వెలగాలి, చుట్టూ మాత్రం కటిక చీకటిగా ఉండాలి. నిజం విమానాల్లో ఇలా లోపలి నుంచి వెలిగే ప్యానెళ్లకు ఏఎస్7788 అని ఒక ప్రమాణమే ఉంది. మాకు అంత కచ్చితత్వం అక్కర్లేదు, కంటికి అలా కనిపిస్తే చాలు.

పద్ధతి కొత్తదేమీ కాదు. పాలరంగు యాక్రిలిక్ షీటు తీసుకుని, ముందువైపు మాట్ బ్లాక్ కొట్టి, అక్షరాల మేర పెయింటును లేజర్‌తో లేపేస్తాం. కింద ఉన్న తెలుపు బయటపడుతుంది. వెనక ఎల్ఈడీలు పెడితే అక్షరం వెలుగుతుంది.

వచ్చిన సమస్య

ఆయన అప్పటికే వేరే చోట ఒక ప్యానెల్ చేయించుకున్నారు. అది చేతిలో పెట్టుకుని వచ్చారు. టేబుల్ మీద పెట్టి చూస్తే బాగానే ఉంది, అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. "బాగానే చేశారు కదండీ" అన్నాను. ఆయన ఏమీ అనకుండా గదిలో లైట్లు ఆర్పి, బ్యాటరీ తగిలించారు.

"చుక్కలు పొడిచాయి, చూశారా సార్?"

నిజంగానే అమావాస్య ఆకాశంలా ఉంది. నల్లటి పలక నిండా సూదిమొనంత బెజ్జాలు. నలుపు కూడా నలుపుగా లేదు, కాఫీ డికాక్షన్ రంగులో తేలుతోంది. నాలుగు అంచుల వెంబడి తెల్లటి గీత. ఎల్ఈడీకి ఎదురుగా ఉన్న అక్షరాలు కళ్లలో గుచ్చుకుంటుంటే, రెండు ఎల్ఈడీల మధ్య పడ్డవి మసగ్గా ఉన్నాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు కూడా కనిపించాయి.

వీటిని నేను మూడు వేర్వేరు జబ్బులుగా రాసుకున్నాను: బెజ్జాలకు పెయింటు, మెరకపల్లాల వెలుతురుకు ఎల్ఈడీలు, పగుళ్లకు గట్టిగా బిగించిన స్క్రూలు. స్క్రూల సంగతి చిన్నదే కదా అని పక్కన పెట్టేశాను. అది తర్వాత నా మెడకే చుట్టుకుంది.

ఇంకో కోటు, ఇంకో కోటు

పెయింటు పల్చగా ఉండబట్టే చుక్కలు కనిపిస్తున్నాయన్నది నా మొదటి లెక్క. తప్పు లెక్కేమీ కాదు, సగం లెక్క. కొత్తగా 3 మి.మీ. కాస్ట్ షీటు (అచ్చులో పోసి చేసినది) తీసుకున్నాను. ఎక్స్‌ట్రూడెడ్ షీటు (కరిగించి రోలర్ల గుండా తోసి చేసేది) లేజర్ కింద జిగురుజిగురుగా కరుగుతుంది, పైగా దానిలో ఒత్తిళ్లు ఎక్కువ కాబట్టి దాని జోలికి పోలేదు. ఒక కోటు అడ్డంగా, ఒక కోటు నిలువుగా మొత్తం ఆరు కోట్లు కొట్టాను.

చుక్కలు తగ్గాయి గానీ పోలేదు. కారణం నా కళ్ల ముందే జరుగుతున్నా రెండో షీటు దాకా పట్టించుకోలేదు. షీటు మీది రక్షణ ఫిల్మ్ పీకగానే స్టాటిక్ పుడుతుంది. గదిలో ఉన్న నూగంతా వచ్చి షీటుకే అతుక్కుంటుంది. ఆ నూగు మీద పెయింటు పడుతుంది, ఆరాక నూగు ఊడిన చోట బెజ్జం మిగులుతుంది. మొదటి కోటులో పడ్డ బెజ్జాన్ని పై కోట్లు సగం పూడుస్తాయి, పూర్తిగా పూడ్చవు. ఫిల్మ్ నెమ్మదిగా పీకి, తడి గుడ్డతో తుడిచి, వెంటనే స్ప్రే చేయడం మొదలుపెట్టాక బెజ్జాలు బాగా తగ్గాయి. అయినా ఒక్కో ప్యానెల్ మీద పాతిక ముప్పై మిగిలేవి.

అసలు దెబ్బ లేజర్ దగ్గర తగిలింది. నాది సీఓటూ లేజర్. దాని 10.6 మైక్రాన్ల కిరణాన్ని పెయింటు ఎంత బాగా పీల్చుకుంటుందో యాక్రిలిక్ కూడా అంత బాగా పీల్చుకుంటుంది. పెయింటు ఎక్కడ అయిపోయిందో, ప్లాస్టిక్ ఎక్కడ మొదలైందో దానికి తేడా తెలియదు. రెండు కోట్లయితే తక్కువ పవర్‌లో ఒక పాస్‌తో శుభ్రంగా లేచిపోతుంది. ఆరు కోట్లకు అదే సెట్టింగ్ వాడితే అక్షరం అడుగున గోధుమరంగు పొర మిగిలింది. పవర్ పెంచితే పొర పోయింది, దాంతోపాటు కింది ప్లాస్టిక్ కరిగి అక్షరం అంచు ఉబ్బింది. అంకె 8 ఉన్న చోట లోపల ఉండే రెండు చిన్న నల్ల గుండ్రాలు పొట్టులా ఊడిపోయాయి. మూడు ప్యానెళ్లలో 8లు, 0లు కలిపి ఇరవైకి పైగా ఉన్నాయి. బ్రష్‌తో దిద్దే పని కాదది.

ఇదే సమయంలో అంచులు రంపపు పళ్లలా కనిపించడం కూడా పెయింటు మందం వల్లే అనుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే ఒక గీత విడిచి ఒక గీత పక్కకు జరిగి ఉంది. లేజర్ హెడ్ వెళ్లేటప్పుడు గీసినదానికీ తిరిగి వచ్చేటప్పుడు గీసినదానికీ పొత్తు లేదు. పెద్ద బోర్డుల మీద ఇది కనిపించదు, 3 మి.మీ. అక్షరం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ రాకపోకల తేడాను సర్దే స్కాన్ ఆఫ్‌సెట్ అనే సెట్టింగ్ సరిచేస్తే ఆ పళ్లు పోయాయి.

వద్దన్నది, తప్పినది

కస్టమర్ ఒక సలహా ఇచ్చారు. "పెయింటుతో తలనొప్పెందుకు సార్, నల్ల స్టికర్ అంటించి లేజర్‌తో కోసేద్దాం." మామూలు సైన్‌బోర్డు స్టికర్లు ఎక్కువగా పీవీసీ. దాన్ని లేజర్ కింద పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు ముప్పు, మెషీన్ పట్టాలూ లెన్సూ తుప్పుపడతాయి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను.

రెండో ప్రయత్నంగా షీటునే మార్చాను. పారదర్శక యాక్రిలిక్ తీసుకుని, వెనకవైపు నల్లగా కొట్టి, అక్షరాలు అద్దంలో ప్రతిబింబంలా తిప్పి చెక్కాను. ముందు నుంచి చూస్తే అవి సరిగ్గా కనిపిస్తాయి, పైగా పెయింటుకు 3 మి.మీ. ప్లాస్టిక్ రక్షణ. వ్రేళ్లు తగిలి అరిగే భయం ఉండదు. ఉపాయం బాగుందనే అనుకున్నాను. కానీ ముందు ముఖం అద్దంలా మెరిసి గదిలో దీపాలన్నీ దానిలో కనిపించాయి. అక్షరం లోతులో ఉన్నట్టుండి పక్క నుంచి చూస్తే జరిగినట్టు అనిపించింది. పగలు లైటు ఆర్పితే అక్షరాల్లోంచి వెనక ఎల్ఈడీలుండే పెట్టె లోపలి చీకటి కనిపించింది, తెలుపు లేదు. మిషన్ల కంట్రోల్ బోర్డుకు పనికొస్తుందేమో గానీ కాక్‌పిట్‌కు పనికిరాదు.

టార్చి పెట్టి చూసిన రోజు

విసుగొచ్చి స్క్రాప్ ముక్కలు సర్దుతుంటే ఒక పాలరంగు ముక్క అంచుకు ఫోన్ టార్చి ఆనింది. అవతలి అంచు వెలిగింది. ఇది తెలియని విషయం కాదు. యాక్రిలిక్ లోపల, లంబానికి సుమారు 42 డిగ్రీలు దాటి వాలిన కిరణం ముఖంలోంచి బయటపడలేక తిరిగి లోపలికే మళ్లుతుంది. పాలరంగు షీటులో వెలుతురు ఎటు పడితే అటు చెదురుతుంది కాబట్టి అందులో కొంత ఎప్పుడూ ఇలా చిక్కుకుని పక్కలకు పాకుతుంది. తెలిసిన విషయమే అయినా ఈ పనికి దాన్ని ముడిపెట్టలేదు.

ప్యానెల్ వెనక ముఖం 42,000 చదరపు మి.మీ. ఎల్ఈడీలు ఆ మొత్తాన్నీ తడుపుతున్నాయి. షీటు మొత్తం ఒక దీపమైపోతోంది. అక్షరాలకు కావలసింది అందులో పదో వంతు కూడా లేదు. మిగిలినదంతా ముందు పెయింటు ఒక్కటే ఆపాలి. ఒక్క బెజ్జం ఉన్నా అక్కడ చుక్క పొడుస్తుంది. అంచు ఖాళీగా ఉంటే అక్కడ గీత వెలుగుతుంది. ఆరు కోట్లు కొట్టి నేను చేసిందేమిటంటే, నిండుతున్న కుండకు మూత బిగించడం.

అలాగైతే వెలుతురును షీటులోకి రాకముందే ఆపాలి. వెనకవైపు కూడా నల్లగా మూసేసి, ప్రతి పేరు వెనకా ఒక కిటికీ మాత్రం తెరవాలి. అప్పుడు ముందు పెయింటులో బెజ్జం ఉన్నా దాని వెనక చీకటే ఉంటుంది.

ఇంకో లాభం కాగితం మీద లెక్క వేసేటప్పుడు తట్టింది. వెనక కిటికీ అంచు ఎవరికీ కనిపించదు. అది గరుకుగా ఉన్నా, ప్లాస్టిక్ కొంచెం కరిగినా పాలరంగు షీటు ఆ గరుకునంతా కలిపేస్తుంది. కాబట్టి వెనక ఎన్ని కోట్లయినా కొట్టొచ్చు, ఎంత పవరైనా పెట్టొచ్చు. ముందువైపు రెండు కోట్లు చాలు, అక్షరం పదును కోసం. నేను ఒకే పూతతో చీకటీ పదునూ రెండూ సాధించాలని చూశాను, అవి ఒకదానికొకటి పడవు.

వెనక పూత రంగు దగ్గర ఒక రోజు ఆగాను. తెలుపయితే వెలుతురు తిరిగి అక్షరాల వైపు మళ్లి కాంతి పెరుగుతుంది, కానీ పక్కలకు పాకేది కూడా పెరుగుతుంది. నలుపయితే పాకేదాన్ని తాగేస్తుంది, అక్షరం కొంచెం మందగిస్తుంది. రెండూ వాడాను: షీటుకు ఆనుకుని నలుపు నాలుగు కోట్లు, దాని మీద ఎల్ఈడీల వైపు చూసేలా తెలుపు రెండు కోట్లు. షీటు లోపల తిరిగే వెలుతురును నలుపు మింగుతుంది. పెట్టెలో తిరిగే వెలుతురును తెలుపు వెనక్కి కొట్టి కిటికీల్లోకి పంపుతుంది. అంచులకు బ్రష్‌తో నలుపు వేశాను.

కిటికీ అక్షరాల కంటే ఎంత పెద్దదిగా ఉండాలి? అర మి.మీ. మాత్రమే వదిలితే పక్క నుంచి చూసినప్పుడు పేరు చివరి అక్షరాలు మసకబారాయి. 3 మి.మీ. వదిలితే పక్కపక్క కిటికీలు కలిసిపోయాయి. 1.5 దగ్గర కుదిరింది.

తిప్పిన చోట తప్పిన లెక్క

రెండు ముఖాలూ చెక్కాలంటే షీటు తిప్పాలి. తిప్పాక మళ్లీ అదే చోట కూర్చోవాలి. ప్యానెల్‌కు నాలుగు మూలలా స్క్రూ రంధ్రాలున్నాయి కదా, వాటినే ఆధారం చేసుకున్నాను. ప్లైవుడ్ ముక్కకు నాలుగు పిన్నులు కొట్టి, వాటి మీద షీటు కూర్చోబెట్టాను. ముందు నుంచి కూర్చుంది. తిప్పితే రెండు పిన్నుల మీదికి దిగి మిగతా రెండింటి దగ్గర ఆగింది. ఒక మూల రంధ్రం మిగతావాటి వరుసలో లేదు, ఒక మి.మీ. లోపలికి ఉంది. డ్రాయింగ్ తప్పేమో అనుకున్నాను. కాదు, అసలు ప్యానెల్‌లోనే అలా ఉంటుందట. కస్టమర్ ఫోటోలు చూపించారు.

పిన్నులు మార్చే బదులు పద్ధతే మార్చాను. లేజర్ బెడ్ మీద కొత్త ప్లైవుడ్ బిగించి, తిప్పిన ఫైల్‌తో లేజర్‌తోనే రంధ్రాలు కోయించి పిన్నులు దింపాను. బోర్డు కదపకుండా అక్కడే వెనక కిటికీలు చెక్కాను. ముందు ముఖానికి మామూలు ఫైల్‌తో ఇంకో బోర్డు. రంధ్రం ఎక్కడున్నా అద్దంలో అదే చోట పడుతుంది, సమరూపం ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. వెనక ముఖం మొదట, ముందు ముఖం ఆఖర్న చెక్కాను, ఎందుకంటే ఆఖరి పనిలో బెడ్‌కు ఆనే ముఖం గీసుకుపోయే ప్రమాదం ఉంది. వెనక గీత పడితే బ్రష్‌తో ఒక బొట్టు పెడితే పోతుంది.

పక్కన పెట్టిన పగుళ్లు

మొదటి మంచి ప్యానెల్ దిగింది. అక్షరాల్లో మిగిలిన మసిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. చాయ తాగి వచ్చేసరికి స్విచ్ రంధ్రాల చుట్టూ వెంట్రుక పగుళ్లు. పాత ప్యానెల్ మీద నేను స్క్రూల తప్పు అని రాసుకున్నవీ ఇలాంటివే.

లేజర్ కోత అంచు దగ్గర యాక్రిలిక్ కరిగి, గబుక్కున చల్లారుతుంది. ఆ పొరలో లాగుడు చిక్కుకుపోతుంది. ఆల్కహాల్, థిన్నర్ లాంటివి తగిలితే ఆ లాగుడు పగుళ్లుగా బయటపడుతుంది. స్క్రూ బిగింపు దానికి తోడవుతుంది తప్ప మూలం కాదు. అందుకే ఇప్పుడు కోత అయ్యాక, పెయింటుకు ముందే ప్యానెళ్లను ఓవెన్‌లో చదునైన పలక మీద 80 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచి, తలుపు తీయకుండా ఓవెన్‌లోనే చల్లారనిస్తున్నాను. యాక్రిలిక్ సుమారు 105 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి ఉష్ణోగ్రత పెంచి పని తొందరగా ముగిద్దాం అనుకోకూడదు. మసిని సబ్బు నీళ్లతో మాత్రమే తుడుస్తున్నాను. పెయింటు కూడా నీళ్ల ఆధారమైనదానికి మార్చాను.

స్క్రూలనూ వదల్లేదు. 300 మి.మీ. యాక్రిలిక్ 20 డిగ్రీల తేడాకు దాదాపు 0.4 మి.మీ. సాగుతుంది, ముడుచుకుంటుంది. రంధ్రం స్క్రూ కంటే కాస్త వదులుగా ఉంచి, కౌంటర్‌సంక్ (స్క్రూ తల దిగే గుంట) తీసేసి, కింద చదును వాషర్ పెట్టించాను.

ఎల్ఈడీల పని దీని పక్కన తేలిక. మీటరుకు 60 ఎల్ఈడీల స్ట్రిప్ అంటే ఒక్కో దాని మధ్య 16.7 మి.మీ. దూరం. పెట్టె లోతు 10 మి.మీ. మాత్రమే. దీపాల మధ్య దూరం లోతు కంటే ఎక్కువైతే మెరకపల్లాలు తప్పవు. స్విచ్‌ల వల్ల లోతు పెంచే వీల్లేదు, అందుకని మీటరుకు 120 ఉన్న స్ట్రిప్ పెట్టి, పీడబ్ల్యూఎంతో (కరెంటును వేగంగా ఆపి వదిలే పద్ధతి) కాంతి తగ్గించాం. చివరి అక్షరాలు మసగ్గా ఉంటే స్ట్రిప్‌కు రెండు చివర్ల నుంచీ కరెంటు ఇచ్చాం.

ఒక్కటి మాత్రం సగమే తీరింది. ఎర్రగా వెలిగే ఒక హెచ్చరిక పేరు, తెల్లగా వెలిగే పేరుకు 4 మి.మీ. దూరంలో ఉంది. ఎరుపు ఆపినా తెలుపు పాకి అది గులాబీ రంగులో మినుకుమనేది. వెనక నుంచి 1.5 మి.మీ. లోతు గాడి చెక్కి నలుపు నింపాను. తగ్గింది, పోలేదు, ఎందుకంటే గాడి కింద ఇంకా సగం మందం షీటు ఉంది కదా. ఆఖరికి ఆ పేరు మేర షీటు పూర్తిగా కోసేసి, అంచులు నల్లగా వేసిన విడి ముక్క దానిలో కూర్చోబెట్టాం. అతుకు గీత పగలు కనిపిస్తుంది. కస్టమర్ ఒప్పుకున్నారు, నాకు మాత్రం ఇంకా నచ్చలేదు.

పనిలో మారినవి

ఇప్పుడు ఇలాంటి ఆర్డర్ వస్తే మొదట పెయింటు గురించి అడగను. పెట్టె లోతు ఎంత, దీపాలు ఎక్కడ, పక్కపక్కన వేరు రంగులున్నాయా అని అడుగుతాను. డ్రాయింగ్ కూడా రంధ్రాలతో సహా తెమ్మంటాను. ప్రతి కోటు ఆరాక చీకటి గదిలో వెనక టార్చి పెట్టి చూస్తాను, పగటి వెలుగులో చూసి బాగుందనే అలవాటు మానేశాను. పెయింటు ఆరిందనిపించినా ఒక రోజు ఆగుతాను, పచ్చి పెయింటు లేజర్ కింద సాగుతుంది. పెద్ద ముక్క పెట్టే ముందు అదే రోజు పెయింటు కొట్టిన స్క్రాప్ మీద పవర్, స్పీడ్ గళ్లు చెక్కి చూసుకుంటాను, పోయిన నెల సెట్టింగ్‌ను నమ్మను.

మూడు ప్యానెళ్లూ ఎనిమిది నెలలుగా ఆయన కాక్‌పిట్‌లో ఉన్నాయి. పగుళ్లు రాలేదు. పోయిన వారం ఫోన్ చేసి, ఎడమ ప్యానెల్‌లో ఒక చుక్క దొరికిందన్నారు. అది సరిగ్గా ఒక అక్షరం పక్కన, కిటికీ వెనకే పడింది, అందుకే వెనక నలుపు దాన్ని ఆపలేదు. ముందు నుంచి బ్రష్‌తో దిద్దొచ్చు, కానీ పగలు అక్కడ మచ్చలా మెరుస్తుంది అని చెప్పాను.

"ఒక్కటే కదా సార్, ఉండనివ్వండి" అన్నారు.